అక్క చేతిలో చూసిన గాలి తుపాకి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకి మాట వస్తే ఏ తుపాకి అని అడగాల్సి వచ్చేది. మాకు రెండు ఉండేవి మరి. ఒకటి మా తాతది, మందు దట్టించి కాల్చే పాత తుపాకి. రెండోది మా బాపు తెచ్చిన గాలి తుపాకి. మాది మల్యాల నుంచి కొడిమ్యాలకు పోయే దారిలో, గుట్టల అంచున ఉన్న చిన్న ఊరు. ఆ ఊళ్ళో రెండు తుపాకులున్న ఇల్లు మాదొక్కటే. అందుకు నాకు బడిలో ఎంత గొప్పగా ఉండేదో, ఇంట్లో పెద్దవాళ్ళకు అంత భయంగా ఉండేదని అప్పుడు నాకు తెలియదు.

నాకు అప్పటికి పదేళ్ళు. పదేళ్ళకే ఎవరినీ నమ్మని పిల్లనని పేరు తెచ్చుకున్నాను. పాలు పోసే ఆమె ఎదురుగానే చెంబులో వేలు ముంచి చిక్కదనం చూసేదాన్ని. పంతులు హాజరు వేశాక నా పేరు దగ్గర సరిగ్గా గీశాడో లేదో వెళ్ళి చూసుకునేదాన్ని. మా అమ్మ తల కొట్టుకునేది. అయితే ఆ రోజుల్లో ఊరంతా దాదాపు నాలాగే ఉండేది. బావులు అడుగంటి, చెరువు బీడుపడి, ఇంటికొక మగమనిషి బయటికి పోయాడు. కొందరు మస్కట్, దుబాయి అన్నారు. మగ్గాల పని వచ్చినవాళ్ళు భీవండి పోయారు. మిగిలినవాళ్ళకు అడవిలో తిరిగే అన్నలంటే ఒక భయం, జీపుల్లో వచ్చే పోలీసులంటే ఇంకో భయం. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే వాడు ఎవరి తరఫు మనిషో తేలేదాకా మంచినీళ్ళు కూడా ఆలోచించి ఇచ్చేవాళ్ళు.

మా తాత ఒకప్పుడు తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. మోకాళ్ళు పోయాక చెట్లు వదిలి మక్కజొన్న చేను కాపలా చూసుకునేవాడు. ఆ తుపాకికి కాగితం ఉంది, చేను కాపాడుకోవడానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు. దాన్ని ఒక్కసారి కాల్చాలంటే పెద్ద తతంగం. గొట్టంలో మందు పోయాలి, కొబ్బరి పీచు కుక్కాలి, సీసం గుండ్లు వేయాలి, మళ్ళీ పీచు కుక్కి ఇనుప చువ్వతో దంచాలి, చివరికి సుత్తి కింద చిన్న రాగి టోపీ పెట్టాలి. ఇదంతా అయ్యేసరికి కోతులు కంకులు విరుచుకుని గుట్ట సగం ఎక్కేవి. వానాకాలంలో మందు చెమ్మగిల్లి టుస్సుమని ఊరుకునేది. అప్పుడు తాత ముఖం చూడాలి. కానీ అది సరిగ్గా పేలిన రోజు గుట్టలన్నీ మోగేవి. ఆ తర్వాత వారం రోజులు ఒక్క కోతి చేను వైపు తల తిప్పేది కాదు. సీసం ఖర్చెందుకని చాలాసార్లు వట్టి మందే వేసి కాలుస్తానని తాత నాకొక్కదానికే చెప్పాడు. భయపడాల్సినవాళ్ళకు చప్పుడు చాలు అనేవాడు.

బాపు రెండేళ్ళు మస్కట్‌లో పనిచేసి రెండు నెలల సెలవు మీద వచ్చేటప్పుడు బొంబాయిలో దిగి, ఒక దుకాణంలో ఆ గాలి తుపాకి కొన్నాడు. ఊరు మాత్రం దాన్ని దుబాయి తుపాకి అనే అంది. బాపు మస్కట్ నుంచి వచ్చాడని, తుపాకి బొంబాయిదని ఎంత చెప్పినా వినేవాళ్ళు లేరు. చిన్నప్పుడు తాత తన తుపాకిని ఒక్కసారి కూడా ముట్టనివ్వలేదని బాపుకు మనసులో ఉండిపోయింది. అందుకే కొన్నాడు. దానికి మందు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. గొట్టాన్ని మోకాలి మీద పెట్టి కిందికి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. జొన్నగింజంత సీసపు గుండు పెట్టి, గొట్టం మూసి నొక్కితే టప్‌మంటుంది, తడి బట్టను బండ మీద కొట్టినట్టు. అంతే. మొదటి రోజు చేనుకు తీసుకుపోయి గెట్టు మీద కూర్చున్న పెద్ద కోతిని కొట్టాడు బాపు. అది తొడ గోక్కుని బాపు వైపు ఒకసారి చూసి, కంకి తినడం పూర్తిచేసి, ఇంకో కంకి విరుచుకుంది. తాత గెట్టు మీద కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

అయితే తాత నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పాతిక అడుగుల దూరంలో పాత డబ్బా వేలాడదీసి కొట్టమని బాపు పందెం కట్టాడు. పరుగెత్తే అడవిపందిని పడగొట్టిన తాత ఆ డబ్బాను కొట్టలేకపోయాడు. మూడు రోజులు అన్నం కూడా సరిగ్గా తినకుండా దాని వెంటపడ్డాడు. పెద్ద తుపాకి అలవాటు కొద్దీ భుజానికి అదిమి, గట్టిగా బిగించి పట్టుకునేవాడు. ఈ స్ప్రింగు లోపల ఎగిరి పడేసరికి గుండు ఎటో పోయేది. నాలుగో రోజు తెలిసింది ఆయనకు, దాన్ని వదులుగా, కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలని, నొక్కాక డబ్బా మోగేదాకా కదలొద్దని. ఆ రహస్యం దొరికాక ఇక ఆ డబ్బాకు నిద్ర లేదు. పెద్ద తుపాకి కాల్చడం పండగ లాంటిది, ఏడాదికి నాలుగుసార్లు. దీన్ని రోజుకు వందసార్లు కాల్చినా పక్కింటి కోడి లేచి చూడదు. తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, వెంటనే దిద్దుకోవచ్చు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా కొట్టొచ్చు. నాకు మాత్రం గొట్టం వంచడానికే రెండు చేతుల బలం చాలేది కాదు. బాపు వంచి ఇస్తే కొట్టేదాన్ని. వారమైనా డబ్బాకు తగలలేదు.

పక్కింటి అక్క మొదటిసారే కొట్టింది.

ఆమె గురించి చెప్పాలి. వరస ప్రకారం ఆమె నాకు అత్త కావాలి, కానీ చిన్న వయసు కదా, పిల్లలమంతా అక్క అనేవాళ్ళం. పుట్టిల్లు సిరిసిల్ల, సాలోళ్ళ ఇంటి పిల్ల. పెళ్ళై మా ఊరికి వచ్చిన రెండేళ్ళకే మగ్గం నడవక ఆమె మొగుడు భీవండి పోయాడు. ఆ తర్వాత ఆమె బీడీలు చుట్టడం నేర్చుకుంది. నాలుగు నెలలుగా ఆయన దగ్గర నుంచి ఉత్తరం లేదు. భీవండిలోనే ఉన్నాడో, అడవి పట్టాడో అని ఊళ్ళో గుసగుసలు పోయేవి. రోజూ పొద్దున అక్క, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మా అరుగు మీద చేటలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. తునికాకు ఎండిపోకుండా తడి గోనెసంచిలో చుట్టి పెట్టేవాళ్ళు. ఒకరు వంటకు లేచిపోతే వాళ్ళ చేట, ఆకు, తంబాకు అక్కడే వదిలి పోయేవాళ్ళు. మిగతావాళ్ళు చూసుకునేవాళ్ళు. చుట్టిన బీడీ కట్టలంటే వాళ్ళకు ఆ రోజు తిండి. అంత నమ్మకంతో వదిలిపోవడం నాకు ఎప్పుడూ వింతగా ఉండేది.

ఒక రోజు బాపు వేళాకోళానికి అక్క చేతిలో తుపాకి పెట్టాడు. బీడీ చుట్టే వేళ్ళు కదా, మెత్తగా పట్టుకుంది. డబ్బా ఠంగుమంది. అందరూ మెచ్చుకున్నారు. నాకు కడుపులో మండింది. తర్వాత ఆమె బాపును రెండు మాటలు అడిగింది. ఇది ఎంత దూరం కొడుతుందని ఒకటి, మనిషికి తగిలితే ఏమవుతుందని ఇంకొకటి. అవి రెండూ నేను గట్టిగా మూటగట్టుకున్నాను. ఎవరైనా అంతవరకు ఆ మాట అడిగారా?

తాత పెద్ద తుపాకి అప్పటికి నెల రోజులుగా పోలీసు ఠాణాలో ఉంది. అన్నలు ఎత్తుకుపోతారని లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి పెట్టమన్నారు. తాత దాన్ని తుడిచి, బట్టలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి కోతులదే రాజ్యం.

బాపు మళ్ళీ మస్కట్ పోవడానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా, ఒక పొద్దున పోలీసాయన సైకిలు మీద వచ్చాడు. తాత, బాపు చేను దగ్గర ఉన్నారు. అరుగు మీద బీడీల వాళ్ళు, ఇంట్లో అమ్మ, నేను. మీ ఇంట్లో ఫారిన్ తుపాకి ఉందట, రేపు పొద్దున మీ ఆయన దాన్నీ పాస్‌పోర్టునూ తీసుకుని ఠాణాకు రావాలె అన్నాడు. అది గాలి తుపాకి అని అమ్మ చెప్పింది. గాలిదో మందుదో సారు చూస్తడు, చూసేదాకా మనిషి ఊరు దాటద్దు అన్నాడు. నన్ను చేనుకు ఉరికించింది అమ్మ. నేను ఉరికి, చెప్పి, వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చేసరికి గంట పట్టింది.

వచ్చి చూస్తే నడిమింట్లో గోడ మొలకు వేలాడాల్సిన తుపాకి లేదు.

అమ్మ తనకు తెలియదంది. తలుపులు తీసే ఉన్నాయి, తాను పెరట్లో ఉన్నానంది. ఇల్లంతా వెతికాం. గింజల గుమ్మి వెనక, అటక మీద, పశువుల కొట్టంలో గడ్డి కింద. బాపు ముఖం మాడిపోయింది. నాకు అప్పుడు అర్థం కానిది తాత ఒక్క మాటలో చెప్పాడు. తుపాకి చూపిస్తే అది పిల్లల ఆటవస్తువు. చూపించకపోతే ఎవరికో ఇచ్చిన అసలు తుపాకి. గాలిదే అని ఎన్ని ఒట్లు పెట్టినా కనపడని తుపాకిని ఎవరూ గాలిదని నమ్మరు. కేసు రాస్తే పాస్‌పోర్టు పోతుంది, వీసా గడువు దాటుతుంది. బాపు పోకపోతే ఆ ఎండిన చేను మీద మేం నలుగురం బతకలేం. ఇది పదేళ్ళ నాకు కూడా తెలుసు.

నేను తాతను పక్కకు పిలిచి, అక్కే తీసింది అన్నాను. చూశావా అని అడిగాడు. చూడలేదు, కానీ నాకు తెలుసు అని నా లెక్కలన్నీ ఒప్పజెప్పాను. ఎంత దూరం కొడుతుందని అడగడం, మొగుడి ఉత్తరాలు రాకపోవడం, పొద్దుటి నుంచి మా అరుగు మీదే ఉండడం. తాత అంతా విన్నాడు. నా మీంచి చూపు తిప్పి, వాకిట్లో నిలబడ్డ అమ్మ వైపు చాలాసేపు చూశాడు.

తర్వాత అరుగు మీదికి వచ్చి కూర్చుని, ఎవరినీ ఉద్దేశించకుండా, సుతిలి తాడు పేనుకుంటూ మాట్లాడాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"పాస్‌పోర్టు ఒక్కటే ఆపితే ఏం కాకపోవు. పిలగాడు ఇంట్లనే ఉంటడు, మన కండ్ల ముందట ఉంటడు. కని తుపాకి కనవడకుంటే ఇంట్ల ఉండనియ్యరు. ఠాణాల కూసుండవెట్టి, ఎవలకిచ్చినవ్ చెప్పు అంటరు. ఏం చెప్తడు వాడు?"

బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. తాత లేచి, కోతులు చేను మీద పడ్డాయి, ఇంట్లోవాళ్ళూ, బీడీల వాళ్ళూ అందరూ వచ్చి తరమాలి, తలుపులు వేయొద్దు అన్నాడు. "ఎవలు ముందుగాల పోతరో, ఎవలు ఎన్క వస్తరో నేను చూడ. మొల మాత్రం చూస్త" అని కర్ర పట్టుకుని నడిచాడు. మా దిక్కున ఇంట్లో వస్తువు పోతే అలా చేయడం పాత పద్ధతే. తలుపులు తెరిచి పెట్టి అందరూ బయటికి పోతారు. తీసినవాళ్ళకు తిరిగి పెట్టే వీలు దొరుకుతుంది. వస్తువు దొరికాక ఎవరని ఎవరూ అడగరు. దొంగను పట్టుకోవడం కోసం చేసే పని కాదది, దొంగ అన్న పేరు ఎవరికీ పడకుండా చేసే పని. నాకు అది నచ్చలేదు. దొంగ దొరకకుండా వస్తువు దొరికితే ఏం లాభం అనుకున్నాను.

కల్వర్టు దాకా అందరితో నడిచాను. అక్కడ కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు కూర్చుండిపోయి, వాళ్ళు మలుపు తిరగగానే పొలం గట్ల వెంట ఇంటికి ఉరికాను. నడిమింట్లో గుమ్మి వెనక దాక్కున్నాను. ఎంతోసేపు కాలేదు. పెరటి తలుపు లోంచి అక్క వచ్చింది. చేతుల్లో తునికాకు చుట్టే తడి గోనెసంచి. దాన్ని విప్పింది. లోపల తుపాకి. కొంగుతో గొట్టం మీది తడి మెల్లగా తుడిచి, మునివేళ్ళ మీద నిలబడి మొలకు తగిలించింది.

అంత సంతోషం నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. నేను అనుకున్నదే నిజమైంది. గుమ్మి వెనక నుంచి ఒక్క దూకు దూకి, వీధిలో పడి, చేను దాకా అరుస్తూ పోయాను. అక్క దొంగ, నా కండ్లతో చూశాను, తుపాకి గోనెసంచిలో దాచింది. కోతులను వదిలేసి అందరూ నా వెంట ఇంటికి వచ్చారు. అక్క పారిపోలేదు. గడపలో కూర్చుని ఉంది, తడి గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని. బీడీల వాళ్ళు ముగ్గురూ ఏమేమో అడిగారు. అక్క మొదట అందరి వెనక నిలబడ్డ మా అమ్మను చూసింది. తర్వాత బాపును చూసింది. అప్పుడు చెప్పింది.

"నేనే తీసిన అన్నా. ఒక్కదాన్ని ఉంటున్న గద, భయమైతున్నది. దగ్గర ఉంటే ధైర్యమనుకున్న. తప్పైంది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తుపాకి దొరికిన సంతోషానికి ఏడుస్తోందని నేననుకున్నాను. బాపు అక్కను ఒక్క మాట అనలేదు. తాత మాత్రం, వస్తువు దొరికింది, ఇక ఈ మాట ఎత్తొద్దు అని ఆడవాళ్ళకు గట్టిగా చెప్పాడు. నా తల నిమురుతాడని చూశాను. నా పక్కనుంచే పోయాడు, నా వైపు చూడకుండా.

మర్నాడు బాపు, తాత కలిసి ఠాణాకు పోయారు. అక్కడ జరిగింది బాపు వచ్చి చెప్పాడు. సారు తుపాకిని అటూ ఇటూ తిప్పి, రైఫిలు పట్టినట్టు భుజానికి బిగించి, గోడ మీద పెట్టిన సీసా మూతను మూడుసార్లు కొట్టబోయి మూడుసార్లూ తప్పాడట. ఇందులో ఏదో మోసం ఉందని అనుమానపడ్డాడట. తాత అడిగి తీసుకుని, వదులుగా పట్టుకుని, ఒక్క దెబ్బకు మూత ఎగరగొట్టాడట. దగ్గరికి పోయి చూస్తే మూతకు సొట్ట పడింది కానీ తూటు పడలేదు. ఆ సొట్ట చూశాకే నమ్మాడట. ఎందుకైనా మంచిదని గాలి తుపాకిని కూడా తాత తుపాకి పక్కనే పెట్టుకుని, పాస్‌పోర్టు ఇచ్చి పంపాడు. అనుకున్న రోజుకే బాపు కోరుట్ల పోయి బొంబాయి బస్సెక్కాడు.

బాపు పోయిన మూడో రోజు నుంచి అరుగు మీద ఒక మార్పు వచ్చింది. వంటకు లేచేవాళ్ళు తమ చేట తాము ఎత్తుకుని పోవడం మొదలుపెట్టారు. ఆకు, తంబాకు, కత్తెర అన్నీ చంకన పెట్టుకుని పోయి, మళ్ళీ మోసుకుని వచ్చేవాళ్ళు. అక్కను ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో వారానికి ముగ్గురూ ఎదురింటి అరుగుకు మారారు. అక్క మా అరుగు మీద ఒక్కతే చుట్టుకునేది. అమ్మ రోజూ కూరో పులుసో గిన్నెలో పోసి ఆమెకు ఇచ్చి వచ్చేది. ఒకరోజు నేను గిన్నెకు అడ్డం నిలబడి, దొంగకు ఎందుకు పెడతావు అన్నాను.

అమ్మ నన్ను కొట్టింది. జీవితంలో ఆ ఒక్కసారే కొట్టింది. తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"తుపాకి తీసింది నేను బిడ్డా. పోలీసాయన సైకిలెక్కంగనే నేనే తీసి, పక్కింటి చెల్లెను పెరట్లకు పిలిచి, దాని గోనెసంచిల చుట్టి, రెండు రోజులు దాచవే అని ఇచ్చిన."

బాపుకు తలంటు పోసేటప్పుడు అమ్మ ఆయన వీపు చూసిందట. మెడ కింది నుంచి నడుము దాకా కుట్ల మచ్చ. తలుపు మీద పడిందని చెప్పాడు బాపు. అమ్మ నమ్మలేదు. మస్కట్‌లో బాపుతో కలిసి పనిచేసిన ఒకాయన కోరుట్లలో ఉంటే, ఆయనను అడిగితే రెండో అంతస్తుకు కట్టిన గోవా, అదే పరంజా, మీది నుంచి పడ్డాడని చెప్పాడు. ఆ నెలలోనే కొడిమ్యాల దిక్కు దుబాయి పోయిన ఒకాయన శవమై పెట్టెలో వచ్చాడు. పాస్‌పోర్టు ఆగిపోతే మనిషి దక్కుతాడు, గంజి తాగైనా బతుకుదాం అనుకుంది అమ్మ. ఠాణాలో కూర్చోబెడతారని తాత చెప్పేదాకా ఆమెకు తట్టలేదు. తాతకు మొదటే తెలిసిపోయింది. ఆ మాటలన్నీ ఆమె కోసమే అన్నాడు. నువ్వు అందరితో చేనుకు పో, నువ్వు లేకపోతే అన్న అనుమానపడతాడు, నేను పెట్టి వస్తాను అని అక్కే అమ్మను పంపిందట.

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఆయన ఎదురుంగ నిలవడ్డడు. నా పెండ్లమే నన్ను పట్టియ్యవోయింది అనుకుంట ఇమానం ఎక్కుతడా? నాకు నోరు రాలే. గా పిల్ల నా తప్పు నెత్తినేసుకున్నది, నేను చూసుకుంట నిలవడ్డ" అంది. నిజం చెబుతాను, ఆ క్షణంలో నాకు అమ్మ మీద కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం నా మీదికి తిరిగింది.

మర్నాడు బడికి పోయేముందు ఆ ముగ్గురి ఇండ్లకూ పోయాను. అమ్మ పేరు ఎత్తకూడదు, బాపు దాకా పోతుంది. అందుకని, తుపాకి నేనే దాచాను, అక్క దాన్ని కనిపెట్టి తెచ్చి పెట్టింది, దెబ్బలకు భయపడి నేను అబద్ధం చెప్పాను అన్నాను. మొదటి ఆమె నవ్వి పంపేసింది. రెండో ఆమె నా గదువ పట్టుకుని, అక్క నేర్పి పంపిందా అని అడిగింది. మూడో ఆమె ఆకు కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు. "నీ కండ్లతోని చూసిన అంటివి గదనే" అంది. నా మొదటి మాట నమ్మడానికి ఎవరికీ ఒక్క క్షణం పట్టలేదు. రెండో మాట ఎవరూ నమ్మలేదు. మూడు గడపలూ దిగి ఏడుస్తూ బడికి పోయాను.

సాయంత్రం అక్క నన్ను పిలిచింది. విషయం ఆమె దాకా చేరింది. తన చేట పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, "ఎందుకే పిల్లా గట్ల చెప్పినవ్? ఇగ నిన్ను గూడ నమ్మరు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. నేను తప్పైంది అందామనుకున్నాను, ఏడుపు అడ్డం వచ్చింది. ఆమె బీడీ చుట్టడం ఆపి నా ముక్కు తుడిచింది. వానలు పడకముందే ఆమె తమ్ముడు సిరిసిల్ల నుంచి వచ్చి తీసుకుపోయాడు. మొగుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందో రాలేదో మాకు తెలియలేదు. ఆమెను నేను మళ్ళీ చూడలేదు.

బాపు ఇంకో రెండుసార్లు మస్కట్ పోయి వచ్చాడు. మనిషిగానే వచ్చాడు, ముసలివాడై మా మధ్యే కన్నుమూశాడు. పక్కింటామె పాపం మంచిదే, ఎందుకలా చేసిందో అని ఎప్పుడైనా అనేవాడు. అలా అన్నప్పుడల్లా అమ్మ లేచి లోపలికి పోయేది. చివరిదాకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నా ఇంట్లో మనవలు తిరుగుతున్నారు. సెల్‌ఫోను కనపడకపోయినా, చెవి కమ్మ కనపడకపోయినా వాళ్ళ నోట్లోంచి ఎవరిదో ఒక పేరు తొందరగా వస్తుంది. చూశారా అని నేను వాళ్ళను అడగను. నేను చూశాను కదా. గోనెసంచి విప్పడం, తుపాకి తీయడం, మొలకు తగిలించడం, అన్నీ ఈ రెండు కళ్ళతోనే చూశాను. అయినా నాకు ఏమీ తెలియలేదు. అందుకని తలుపులు తెరిచి, అందరినీ కాసేపు బయటికి పదండి అంటాను. చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వనీ.

చెప్పిన అబద్ధాలు నా బతుకులోనూ ఉన్నాయి, వాటికి సిగ్గుపడతాను. ఆ పొద్దున మూడు గడపల ముందు చెప్పినదానికి మాత్రం సిగ్గుపడను. దాన్నొక్కదాన్నైనా వాళ్ళు నమ్మి ఉంటే ఎంత బాగుండేది.